మా బావ వదిలేసిన చేప

మొన్న నరసరావుపేటలో లాయర్లందరూ కలిసి మా బావకి సంతాపసభ పెట్టారు. రమ్మని ఒకటికి రెండుసార్లు ఫోన్ చేస్తే వెళ్ళాను. వేదిక వెనక నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. నల్లకోటు ఫోటో వేస్తారనుకున్నాను. కాదు. మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, తలమీద గుడ్డ టోపీ, రెండు చేతుల నిండా తళతళలాడే పండుగప్ప చేప, ముఖమంతా నవ్వు. పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియదు గానీ ఆ ఫోటో తీసింది నేనే. నిజామ్‌పట్నం దగ్గర, పడవలో.

ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకొచ్చారు. పట్టిన చేపని ప్రాణంతో నీళ్ళలోకి వదిలేసిన కరుణామూర్తి అన్నారొకరు. మూగజీవి నొప్పి తెలిసిన మనిషి అన్నారు ఇంకొకరు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, అది మామూలే. నేను వెనక వరసలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికి కాదు, లేచి మైకు లాక్కుంటానేమోనని.

బావ సివిల్ లాయరు. గట్టు తగాదాలు, దారి తగాదాలు, కాలవ నీళ్ళ తగాదాలు. పల్నాడులో ఆ పని చేసేవాడికి తీరిక ఉండదు. రాజీ అన్న మాట వింటే మనిషికి ఒళ్ళు మండేది. అన్నదమ్ములిద్దరు ఒక బండిదారి కోసం ఆయన దగ్గరికి వచ్చినప్పుడు కుర్రవాళ్ళు. నేను చూస్తుండగానే ఇద్దరికీ తలలు నెరిశాయి. ఊరందరికీ లాయరు గారు, మా అక్కకి మాత్రం "ఏమయ్యా". నన్ను "టీచరమ్మా" అని పిలిచేవాడు. మాచవరం బళ్ళో పాఠాలు చెబుతాను కాబట్టి ఆ పిలుపులో తప్పేమీ లేదు, కానీ ఆయన నోట అది వెక్కిరింపులాగే వినబడేది.

సముద్రం మాకు లేదు. మాకున్నది కృష్ణ, సాగరు కాలవలు, ఎండాకాలం పగుళ్ళిచ్చే నల్లరేగడి. అలాంటి ఊళ్ళో ఉండి ఈ మనిషికి ఉప్పునీటి చేపల పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఎవరికీ అంతుపట్టలేదు. ఫోన్లో వీడియోలు చూసేవాడు. ఎక్కడో దేశాలలో సముద్రపు అంచున నడుములోతు నీళ్ళలో నిలబడి, ఈతపుల్లలా వంగే సన్న కర్రతో, కంటికి ఆనని దారంతో, మనిషంత చేపతో తంటాలు పడే వాళ్ళని. ఒకరోజు పొడుగాటి పార్సిలు వచ్చింది. అక్క కర్టెన్ల రాడ్లనుకుని సంబరపడింది.

ఆ వేటకి వానపాము పెట్టరు, రొయ్య పెట్టరు. కోడి ఈకలూ దారమూ కలిపి ముల్లుకి కట్టి చేపపిల్లలా కనబడే దొంగ ఎర ఒకటి తయారు చేస్తారు. బావ దాన్ని ఈగ అనేవాడు. దానికి బరువుండదు కాబట్టి ఊరికే విసిరితే పోదు. దారాన్నే కొరడాలాగా వెనక్కీ ముందుకీ ఆడించి, గాలిలో చాపి, నీటి మీద పువ్వులా దించాలి. అది రావాలంటే సాధన కావాలి. సాధనకి నీళ్ళు లేవు, మిరప కళ్ళం ఉంది.

వాళ్ళ పొలం మాచవరం దగ్గరే. కోతల కాలంలో కళ్ళం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉండేవి. ఆడకూలీలు వంగి తాలుకాయలు, అంటే తెల్లబారి చెడిపోయినవి, ఏరుతుండేవారు. బావ ఒక కొసన నిలబడి అంత ఎరుపులో ఒక తాలుకాయని గురి పెట్టుకుని దారం విసిరేవాడు. ఈగ వెళ్ళి సరిగ్గా దాని పక్కన వాలేది. కొన్నాళ్ళకి దాని మీదే వాలేది. కూలీలలో ఒక పెద్దావిడ నడుం పట్టుకుని నవ్వేది.

"లాయరు గారూ, అట్టా ఏరితే ఉగాదికి గూడా ఒక్క టిక్కీ బస్తా నిండదయ్యా. ఇట్టా వచ్చి కూకోండి, కూలి ఇప్పిస్తాం."

బావ ఆ కళ్ళానికి అవతలి ఒడ్డు ఉన్నట్టూ, మధ్యలో అలలు లేస్తున్నట్టూ చూసేవాడు.

ఈకల కోసం పందెం పుంజులున్న ఇళ్ళన్నీ తిరిగాడు. మెడ మీద ఈక సన్నగా, నిగనిగలాడుతూ ఉండాలట. పుంజుని మేపేవాడు ప్రాణమైనా ఇస్తాడు గానీ పందానికి ముందు దాని మెడ మీద చెయ్యి వెయ్యనిస్తాడా? పీకిన ఈకతో పాటు పౌరుషం పోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని ఓడి చచ్చిన పుంజుల దగ్గర కాచుకు కూర్చునేవాడు. "ఓడిన కోడి ఈకకి ఏం చేప పడుద్దయ్యా" అని ఒకాయన ముఖం మీదే అన్నాడు. బావ ఈకలు పేపర్లో చుట్టుకుని, కోడి మాంసం కూడా ఒక వాటా అడిగి తెచ్చుకున్నాడు. ఈకలు ఆయన గదిలోకి, మాంసం అక్క పొయ్యి మీదికి.

ఇక మెరుపు. ఈగకి కాస్త తళుకుంటే పండుగప్ప మోజుపడుతుందట. ఒకసారి అక్క పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర తీసి చూస్తే అంచు ఒక జానెడు మేర బోసిపోయి ఉంది. జరీ పోగులు ఒక్కొక్కటే లాగేశాడు మహానుభావుడు.

"చేపకి చీర పెట్టాడే మీ బావ," అంది అక్క. "నాకు పెట్టి ఎన్నాళ్ళయిందో."

నవ్వుతూనే అంది. అక్కకి కోపం నవ్వులోనుంచే వచ్చేది. నాకు అలా రాదు, తిన్నగానే వస్తుంది.

బావ మాట్లాడుతున్నప్పుడు కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ ఒకదాన్నొకటి రుద్దుకుంటూ ఉండేవి. కోర్టులో అయితే గౌను దారం, ఇంట్లో అయితే తువ్వాలు అంచు, ఏమీ లేకపోతే ఉత్త గాలి. మధ్యలో దారం ఉన్నట్టు, అవతలి కొసన ఏదో కదులుతున్నట్టు. "లాగితే తెగుద్ది, వదిలితే పోద్ది. ఆ మధ్యన ఉంది చూడు, అదీ వేట," అనేవాడు. లావు దారం వాడేవాళ్ళంటే చులకన. "మోకు కట్టి లాగేదానికి మనిషెందుకు, ట్రాక్టరు చాలు." కక్షిదారులకి ఈ మాటలు కోర్టు సలహాల్లాగా వినిపించేవి. తల ఊపి వెళ్ళిపోయేవారు.

పట్టిన చేపని వదిలేయడం మాత్రం నిజం. ఎన్నడూ ఒక్కటి ఇంటికి తేలేదు. అసలు ఆయన చేప తినడు, నీచు వాసన పడదు. ఆదివారం పొట్టేలు కూర లేకపోతే మాత్రం కంచం దగ్గర రభస. కరుణామూర్తి అన్న పెద్దమనిషి మా అక్క వంటింట్లో ఒక్క ఆదివారం కూర్చుని ఉండాల్సింది.

మాదేమో కృష్ణ ఒడ్డున ఊరు. మా నాన్న వలల వాళ్ళ దగ్గర పొద్దున్నే చేప తెచ్చేవాడు. చేపని ముట్టుకుని అది ఎప్పటిదో, ఎలా పడిందో చెప్పడం మాకు పలక పట్టకముందే వచ్చింది. అక్క పులుసు పెడితే వీధి చివరిదాకా వాసన నడిచి వెళ్ళేది. అలాంటి అక్క చేపల పిచ్చోణ్ణి చేసుకుని చేప ముఖం చూడకుండా బతికింది. ఆదివారం సాయంత్రం బావ కారు దిగగానే ఎదురింటి పిన్ని గేటు దగ్గరికి వచ్చి అడిగేది.

"ఏం తెచ్చాడమ్మే మీ ఆయన?"

"ఇసక తెచ్చాడు పిన్నీ. ప్యాంటు మడతల నిండా. రెండు చేటలుంటది, కావాలా?"

వీధంతా నవ్వేవాళ్ళు. బావ కూడా నవ్వి లోపలికి పోయేవాడు.

తర్వాత అక్కకి జబ్బు చేసింది. కడుపులో. గుంటూరు తీసుకువెళ్ళి మందులు ఎక్కించి తెచ్చేవాళ్ళం. ఎక్కించిన ప్రతిసారీ నోరు చేదెక్కిపోయేది. అన్నం పెడితే మట్టి అనేది, పాలిస్తే సున్నపు నీళ్ళనేది. ఆ ఏడు మిరపకోతలు ముగిసేలోపే అక్క పోయింది. నేను చెప్పబోయేది అంతకు ముందు కార్తీకంలో మొదలైన మాట.

ఒక సాయంత్రం మంచం మీద వాలి ఉంది. బావ కుర్చీలో కూర్చుని ముల్లుకి దారం చుడుతున్నాడు. ఉన్నట్టుండి అడిగింది.

"ఏమయ్యా, నాకు పండుగప్ప పులుసు తినాలనుంది."

"దానికేముంది, రేపు మార్కెట్టు నుంచి తెప్పిస్తా."

"కార్తీకంలోనా? నెల ఎల్లనియ్యి. కొన్నది వొద్దు. నువ్వు పట్టింది కావాలి. ఇన్నేళ్ళూ ఊరందరికీ ఇసక అని చెప్పా. ఒక్కసారి చేప అని చెప్పుకోవాలిగా."

బావ చేతిలో దారం ఆగింది. తలెత్తి, "తెస్తాలే" అన్నాడు. అక్క దిండు ఆనించుకుని లేచి కూర్చుంది. ఆ నెలంతా అక్క కార్తీక దీపాలు పెడుతూ రోజులు లెక్కపెట్టుకుంది. ఎవరు చూడ్డానికి వచ్చినా, "పోలి పాడ్యమి ఎల్లినాక మా ఆయన చేప తెస్తన్నాడు" అని చెప్పింది. ఎదురింటి పిన్నికైతే ఒక గిన్నె పంపిస్తానని మాట కూడా ఇచ్చేసింది.

బయలుదేరే ముందురోజు నన్ను పిలిచింది.

"నువ్వు గూడా ఎల్లవే. ఆయన చేతికి వొదిలేసే అలవాటు. పడినాక నువ్వు పట్టుకో."

అలా నేను అక్క తరఫున కాపలాకి వెళ్ళాను. చిలకలూరిపేట మీదుగా, బాపట్ల దాటి, నిజామ్‌పట్నం వెళ్ళేసరికి బాగా తెల్లవారింది. మడ అడవుల మధ్య పాయ వెళ్ళి సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు. అక్కడ బావకి వాడుకగా పడవ నడిపే పెద్దాయన ఉన్నాడు. నల్లగా, ఎండుచేపలా బిగుసుకుపోయిన మనిషి. దారిలో ఆయనకి సంగతంతా నేనే చెప్పాను. ఇంట్లో మనిషికి బాగాలేదు, చేప అడిగింది, ఈసారి వదలడం లేదు అని. ఆయన సంతోషపడ్డాడు. "ఇన్నాళ్ళకి మా పడవ కడుపు నిండుద్దమ్మా" అన్నాడు.

పోటు ఎక్కుతోంది. బావ పడవ ముందు కొసన లేచి నిలబడ్డాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీసుకోని మనిషి, అక్కడ వేరే మనిషి. దారం తల మీద నుంచి వెనక్కీ ముందుకీ చప్పుడు లేకుండా ఆడింది. మడ చెట్ల వేళ్ళ పక్కన ఈగ వాలింది. ఉన్నమాట చెప్పాలి, చూడముచ్చటగా ఉంది. ఎన్నోసార్లు విసిరాడు. ఎండ చుర్రుమనే వేళకి నీళ్ళు ఒక్కసారి పగిలాయి. చేప గాలిలోకి లేచి, తల విదిలించి, మళ్ళీ నీటిలో పడింది. కర్ర సున్నాలా వంగింది.

చాలాసేపు పట్టింది. అది పోతానంటే ఇచ్చాడు, అలిసిందంటే తీసుకున్నాడు. చెట్ల వేళ్ళలోకి దూరబోతే పెద్దాయన పడవ తిప్పాడు. చివరికి పక్కకి వచ్చి తేలింది. బావ ముందు తన చేతులు నీళ్ళలో తడుపుకున్నాడు. పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు పోతుందట. తడి చేతులతో ఎత్తుకుని, "తియ్యి టీచరమ్మా ఫోటో" అన్నాడు. తీశాను. అక్కకి చూపించాలని ఇంకొకటి కూడా తీశాను. పెద్దాయన గోనె పరిచాడు.

బావ గోనె వంక చూడలేదు. ముల్లు తీసేసి, చేపని నీళ్ళలోకి దించి, ఒక చెయ్యి తోక దగ్గర, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి పట్టుకున్నాడు.

"బావా, అది అక్కకి," అన్నాను.

"ఇది కాదులే. దీని తెగువ చూశావా? ఇట్టాంటిదాన్ని ముక్కలు కోస్తారా ఎవరన్నా? చిన్నది పడుద్ది ఇంకోటి. ఆమె తినేది ఎంత, రెండు ముక్కలు."

"పందెంలో చచ్చిన పుంజుని ముక్కలు కోసుకునే తింటావుగా బావా. దాని తెగువ ఏమయింది?"

వినలేదు. నీళ్ళలో ఆ చేపని పసిబిడ్డకి నీళ్ళు పోసేటంత నెమ్మదిగా పట్టుకున్నాడు. దాని మొప్పలు తెరుచుకునేదాకా, మూసుకునేదాకా ఎదురుచూశాడు. గుంటూరు ఆసుపత్రిలో అక్క సూదికి భయపడి చెయ్యి చాస్తే ఆ చెయ్యి పట్టుకున్నది నేను. ఈయన వరండాలో ఫోన్లో వాయిదాలు మాట్లాడుతున్నాడు. నాకు ఆ క్షణంలో ఆ మనిషిని పడవలోనుంచి తోసెయ్యాలనిపించింది. ఇప్పటికీ తోసి ఉంటే బాగుండేదనే అనిపిస్తుంది.

చేప వెళ్ళిపోయింది. పెద్దాయన గోనె చుట్ట చుట్టి పడవ అడుగున కొట్టాడు.

"బాబూ, అడిగింది ఇంటి ఇల్లాలు. ఇచ్చింది సముద్రం. మద్దెన మీరెవురండీ?"

బావ నవ్వాడు. "పడుద్దిలే, ఇంకా పోటుంది" అన్నాడు. పోటు అయిపోయింది. పాటు మొదలైంది. నీళ్ళు వెనక్కి పోయి బురద బయటపడింది. ఎన్నిసార్లు విసిరినా ఒక్కటంటే ఒక్కటి, కనీసం బెత్తెడు చేప కూడా ముట్టలేదు. పెద్దాయన పడవ వెనక్కి తిప్పాడు. ఒడ్డుకి చేర్చి, బావ కృతజ్ఞతలు చెబుతుంటే నా వైపు చూసి, "మీ అక్కగారికి దండాలని చెప్పండమ్మా" అన్నాడు.

బాపట్లలో చేపల దుకాణం దగ్గర బావ కారు ఆపాడు. సుమారు అంతే ఉన్న పండుగప్పని ఏరి కొన్నాడు. చిలకలూరిపేట దాటాక అన్నాడు.

"నువ్వు నోరు మెదపబాక. ఆమె సంతోషం కోసమేగా."

"నేను అబద్ధం చెప్పను బావా. నువ్వే చెప్పుకో."

ఇంటికి వెళ్ళేసరికి అక్క వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుని బొట్టు పెట్టుకుంది. ఎదురింటి పిన్నిని కూడా పిలిపించింది. బావ సంచిలోనుంచి చేప తీసి పట్టుకుంటే పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "ఇయ్యాల ఇసక కాదు పిన్నీ," అంది అక్క. ఆ మాట అంటున్నప్పుడు అక్క గొంతులో ఎంత గర్వమో.

పిన్ని వెళ్ళాక పెరట్లో కుళాయి దగ్గర నేను చేప కడుగుతుంటే అక్క గోడ పట్టుకుని వచ్చింది. పక్కన పీట మీద కూర్చుని చేప మీద చెయ్యి వేసింది. బొటనవేలు మొప్పల వెనక్కి పోయింది. అక్కడ మెడ చుట్టూ సన్నటి గీత. వలలో తల ఇరుక్కుని గింజుకున్న చేపకి తప్ప ఆ గీత పడదు. అక్క పెదవి ఎత్తి నోరు చూసింది. ముల్లు గుచ్చుకున్న గాయం ఎక్కడా లేదు. నేను తలెత్తలేదు. అక్క చెయ్యి కడుక్కుని, "చింతపండు తక్కువెయ్యి, నోరు అసలే పుండు" అంది. అంతే.

పులుసు పెట్టాను. పిన్నికి గిన్నె పంపింది. కంచం ముందు పెట్టుకుని, రెండు మెతుకులు కలిపి, చేప ముక్క అంచు తుంచి నోట్లో పెట్టుకుంది. బావ వాసనకి ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎట్టా పడిందో చెప్పయ్యా," అంది.

చెప్పాడు. మడ వేళ్ళ పక్కన ఈగ వాలడం, నీళ్ళు పగలడం, చేప లేచి తల విదిలించడం, పడవ తిప్పడం. ఒక్కటీ అబద్ధం కాదు. అక్క కళ్ళు మూసుకుని వింది. పక్కకి వచ్చి తేలిందన్న దగ్గర బావ ఆగాడు. "ఇంకేముంది, తెచ్చా" అన్నాడు.

అక్క కళ్ళు తెరిచింది.

"వదిలినప్పుడు ఎట్టా పోయింది?"

బావ నా వంక చూశాడు. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమో, తప్పయిపోయిందంటాడేమో, ఆదివారం మళ్ళీ వెళ్ళి తెస్తానంటాడేమో అని నేను చూస్తున్నాను. అక్క కూడా అదే చూస్తోంది. ముక్క పట్టుకున్న చెయ్యి కంచం మీద ఆగి ఉంది.

బావ ముఖం మెల్లగా విచ్చుకుంది. తువ్వాలు పక్కన పెట్టాడు.

"ముందు కదల్లేదు. నీళ్ళలో పట్టుకుని ఉండా. ఎంతసేపటికీ కదల్లేదు. చచ్చిపోద్దేమోనని చానా భయమేసిందనుకో. అప్పుడు మొప్ప ఒకటి తెరిచింది..."

కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. రెండు చేతులూ చాపాడు. అక్క ముక్కని కంచంలో పెట్టేసి, గ్లాసు వంచి కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది. బావ చూడలేదు. తోక ఎలా విదిలించిందో చేత్తో చూపిస్తున్నాడు.